తోడు ముక్క

కూర్మాచారికి పన్నెండో ఏట పట్టుకున్న అనుమానం యాభై రెండు దాటినా వదల్లేదు. అది దేవుడి మీద అనుమానం కాదు. దేవుడితో అతనికి పేచీ లేదు. రోజూ స్నానం చేసి, విభూతి పెట్టుకుని నైవేద్యం చూపించేవాడే కానీ, దేవుడు తిన్నాడా లేదా అని గిన్నెలోకి తొంగి చూసే మనిషి కాదు. అతని అనుమానమంతా ఒక కంచు ముక్క మీద.

బొడ్డవలసలో వాళ్ళ నాన్న కొలిమి పెట్టిన రోజు నుంచీ ఒక పద్ధతి చూశాడు. మూసలో రాగి కరిగి, తగరం పడి, ఇక పోత పోయడమే తరువాయి అన్నప్పుడు నాన్న గుడ్డ మూట విప్పేవాడు. అందులో ఉసిరికాయంత పాత కంచు ముక్క ఉండేది. ఆకురాయితో దాన్ని రెండు రుద్దులు రుద్ది, రాలిన రజను మూసలో వేసేవాడు. దాని పేరు తోడు. పాలలో మజ్జిగ చుక్క వేసినట్టే. పోత అయ్యాక కొత్త లోహంలోంచి కాస్త తీసి ఆ ముక్కకే చేర్చేవాడు, అందుకని అది తరిగేది కాదు.

"ఎయ్యకపోతే ఏటవుద్ది, అయ్యా?" అని అడిగాడు కూర్మాచారి ఆ వయసులో.

"రాగి రాగిలాగే ఉంటాది, తగరం తగరంలాగే ఉంటాది. ఒకే ఇంట్లో ఉన్న తోడికోడళ్ళలాగ. సూడ్డానికి ఒకటే, కొడితే మోగదు."

"నువ్వెప్పుడైనా ఎయ్యకుండా పోసి సూసినావా?"

నాన్న పట్టకారు ఎత్తి మూస వైపు తిరిగాడు. అనుమానం అక్కడ పుట్టింది. ఆ ముక్క నిజంగా ఏమైనా చేస్తుందా, లేక వెయ్యకుండా ఉండడానికి ఎవరికీ ధైర్యం చాలక వేస్తున్నారా?

ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. కొత్త కొలిమికి సొంత తోడు ఉండదు, పాత కొలిమి వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకోవాలి. మొదటి పోతలోంచి నిమ్మకాయంత ముక్క తీసి, ఇచ్చినవాళ్ళ కొలిమి దగ్గరే కరిగించి తిరిగివ్వాలి. కూర్మాచారి నాన్న ఎదురింటి గున్నమ్మ మొగుడి దగ్గర తెచ్చుకున్నాడు. ఇస్తూ ఇస్తూ ఆయన, "తోడంటే అప్పిచ్చాం గానీ తెలివి అప్పివ్వలేం గదా" అన్నాడు నలుగురిలో. నాన్నకి కాలింది. "తెలివి లేనోడికి బాకీలు గుర్తుండవు" అని, తిరిగివ్వాల్సిన ఆ నిమ్మకాయంత కంచుతో హారతి గంట పోశాడు. బతికినన్నాళ్ళూ పొద్దున్నే వీధి వైపు తిరిగి, ఎదురింటివాళ్ళకి వినబడేలా ఆ గంట కొట్టాడు. భక్తి ఎంతో, కసి ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

"ఎగ్గొట్టిన తోడు ఎప్పుడో ఒకప్పుడు గొడ్డుబోతాది" అని గున్నమ్మ మొగుడు శాపం పెట్టాడట. గొడ్డుబోలేదు. నాన్న పోసిన ప్రతి గిన్నే ఖంగుమంది. నాన్న పోయాడు, కొలిమి ఆరింది. ముక్క మూటలోనూ, గంట పూజలోనూ, అనుమానం కూర్మాచారిలోనూ మిగిలాయి.

*

అతను విశాఖపట్నంలో లోహముద్రణ కేంద్రంలో పొడి జల్లించే పనిలో చేరాడు. ఆ కేంద్రంలో మూస లేదు, బొగ్గు లేదు. విభూతి కన్నా మెత్తటి లోహపు పొడిని పలకమీద కాగితం మందాన పరుస్తారు. పైనుంచి లేజర్ కిరణం గీత గీస్తుంది. గీసిన మేరా పొడి కరిగి, రెప్ప కొట్టేలోగా గట్టిపడుతుంది. దానిమీద మళ్ళీ పొడి, మళ్ళీ గీత. ముగ్గు మీద ముగ్గు పెడుతూ పోతే ఆ ముగ్గే వస్తువై లేస్తుంది.

అక్కడ తయారు కావలసింది మోకాలి కీలు. ఐదు లోహాల మిశ్రమం; వేస్తే నూరేళ్ళు అరగదని డైరెక్టర్ హేమాద్రి గారి మాట. ఆయన గదిలో గోడమీద పదమూడు ఫొటోలుండేవి, అన్నిట్లోనూ ఆయనే. శాలువా మాత్రం మారేది.

కానీ ఐదు లోహాలూ కలవవు. టాంటలం కరగాలంటే కావలసిన వేడికి టైటానియం ఆవిరయ్యే దాకా వస్తుంది. టైటానియం హాయిగా కరిగే వేడికి టాంటలం చలి కాచుకుంటూ కూర్చుంటుంది. కరిగిన మడుగు బతికేది ఒక్క క్షణంలో వెయ్యో వంతు. అంతలో ఎవరు ఎవరితో కలుస్తారు? ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే హడావుడిగా కలిపిన ఉప్మాలో ఉండల్లా కనిపించేవి కరగని గింజలు.

పదిహేడు నెలలు ఇదే వరస. వచ్చిన ప్రతి ముక్కనీ కూర్మాచారి చిన్న ఇత్తడి సుత్తితో ఒకసారి తట్టేవాడు. డబ్ అనేది, తడి కట్టెలాగ.

"కలవలేదు సార్."

"పద్దెనిమిది కోట్ల స్కానర్ చెప్పాల్సింది నీ సుత్తి చెబుతుందా ఆచారీ?" అనేవారు హేమాద్రి గారు. రెండు గంటల తర్వాత స్కానర్ కూడా అదే చెప్పేది. ఆయన స్కానర్‌ని ఏమీ అనేవారు కాదు. "పొడి సరిగా జల్లించలేదన్నమాట" అని కూర్మాచారిని అనేవారు. కూర్మాచారి తల ఊపేవాడు. దంచలేనివాడు రోలును తిట్టుకోవడం కొత్తేమీ కాదు, తిట్టించుకోవడం రోలుకీ కొత్త కాదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. యంత్రానికి బొట్టు పెడతానంటే, "కుంకుమ రవ్వంత లోపల పడిందంటే నిన్ను గేటు బయట కూర్చోబెడతా" అన్నారు డైరెక్టర్ గారు. సరేనని కూర్మాచారి కుంకుమ మానేశాడు. కానీ ఆ ఉదయమే పొడి తొట్టి కొత్తది బిగించారు. కొత్త తొట్టి, విశ్వకర్మ పూజ, చేతిలో లోహం. ఆ మూడూ కలిసిన చోట కంచరి ఇంట పుట్టినవాడి చెయ్యి ఊరుకోదు. పూజలో పెడదామని జేబులో వేసుకొచ్చిన గుడ్డ మూట విప్పి, ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, రజను తొట్టిలో వేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. కళ్ళు తెరిచాక గానీ తను చేసిన పని తెలియలేదు. అంత శుద్ధిగా ఉంచిన పొడిలో పాత కంచు! ఇది బయటపడితే ఉద్యోగం ఉండదు. చెబుదామని రెండుసార్లు డైరెక్టర్ గది దాకా వెళ్ళాడు. రెండుసార్లూ ఆయన ఫొటో తీయించుకుంటున్నారు.

సాయంత్రం ముక్క బయటికొచ్చింది. అలవాటు కొద్దీ తట్టాడు.

ఖంగుమంది.

ఆ నాదం గాజు తలుపులు దాటి నడవాలోకి పోయింది. గదిలో ఉన్న ఆరుగురు చదువుకున్నవాళ్ళూ తలలెత్తారు. ఐదు లోహాలూ ఒకటై పలికాయి. నలభై ఏళ్ళ అనుమానం తీరినందుకు సంతోషించాలి కదా, కూర్మాచారికి మాత్రం ఎదురింటి బాకీ గుర్తొచ్చింది. అయితే నాన్న ఎగ్గొట్టింది ఉత్త కంచు ముక్క కాదన్నమాట.

*

నిజం చెప్పేశాడు. హేమాద్రి గారు మొదట నవ్వారు, తర్వాత గేటు చూపించారు, ఆ తర్వాత తోడు లేకుండా మూడుసార్లు, తోడుతో మూడుసార్లు చేయించి చూశారు. నెల తిరిగేసరికి దానికి 'హేమాద్రి కేంద్రకం' అని పేరొచ్చింది. పాత కంచు తరతరాలుగా కరిగి, కలిసి, మళ్ళీ కరిగి, కలవడాన్ని తనలో గుర్తు పెట్టుకుంటుందనీ, మడుగు బతికే ఆ వెయ్యో వంతులో కొత్త లోహాలకి దారి చూపుతుందనీ ఆయన సభల్లో చెప్పారు. చెప్పింది నిజమే. ఎవరు చెప్పగా తనకు తెలిసిందో మాత్రం చెప్పలేదు. పద్నాలుగో ఫొటో గోడెక్కింది.

"నీ ముక్క ఇటివ్వు ఆచారీ. సైన్సు కోసం."

ఇచ్చాడు. రెండు రుద్దుల రజనుతో చేతి వేలంత నమూనా వస్తుందే గానీ, మనిషి బరువు మోసే కీలు కావాలంటే నిమ్మకాయంత తోడు పొడి చెయ్యాలి. నాన్న ముక్క సగం కీలుకి కూడా చాల్లేదు. ఇక వ్యాన్లు బయల్దేరాయి. పాత కంచరి ఊళ్ళన్నీ తిరిగి, తోడు ముక్కలకి బదులు మిక్సీలూ ఇండక్షన్ పొయ్యిలూ ఇచ్చాయి. అవి కేంద్రానికొస్తే కూర్మాచారే తూచి, పొడి చేసి, జల్లించేవాడు. ఒక్కో ముక్కా ఏ ఊరిదో చేత్తో పట్టుకుంటేనే తెలిసేది. ఐదేసి తరాల వేడి చూసిన ముక్కలు. మరలో అరనిమిషం.

పదకొండు కీళ్ళు తయారయ్యాయి. మంచం దిగలేని పదకొండు మంది లేచి నడిచారు. అది చిన్న విషయం కాదని కూర్మాచారికీ తెలుసు, అందుకే చాన్నాళ్ళు నోరు మూసుకున్నాడు. ఒక రోజు ఉండబట్టలేక, విరిగిన నమూనా ముక్కని పొడి చేసి దాన్నే తోడుగా వేసి చూశాడు.

డబ్.

మళ్ళీ చూశాడు. మళ్ళీ డబ్.

"సార్, లేజరు తోడు తీసుకుంటోంది గానీ తోడు అవ్వడం లేదు. మా కొలిమిలో వేస్తే ముక్క మిగిలి, పెరిగేది. ఇక్కడ పడితే ఆఖరు. ఒక జాము పాటు ఎర్రగా మూసలో కూర్చుంటే గానీ దానికి కలవడం వంటబట్టదు. రెప్పపాటులో ఏం నేర్చుకుంటుంది?" అన్నాడు.

అన్నాడే గానీ లోపల ఇంకో ముల్లు ఉంది. గొడ్డుబోతాదన్నాడు గదా గున్నమ్మ మొగుడు? అయితే మిగతా ఊళ్ళ తోడూ ఇక్కడ గొడ్డుబోతోంది. వాళ్ళెవరూ ఎవరికీ ఎగ్గొట్టలేదు. కాబట్టి ఇది శాపం కాదు, తొందర. తొందరే శాపమా? అతనికి అంత చదువు లేదు.

హేమాద్రి గారు కాఫీ చప్పరించి, "లిస్టులో ఊళ్ళు అయిపోయాయి ఆచారీ. వచ్చే నెల పెద్దవాళ్ళొస్తున్నారు, ఇంకొక్క కీలు చూపించాలి. నిమ్మకాయంత చాలు. నీ చుట్టాల్లో, మీ ఇంట్లో... ఆలోచించు. సెలవు చీటీల్లో రాస్తుంటావు కదా, మీ ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయని? తెచ్చావంటే ఆ పన్నెండోది ఆవిడకే" అన్నారు.

"ఒక్క ముక్క దొరికితే కొలిమిలో పెంచుదాం సార్. ఏడాదికి పది అవుతాయి. ఆ పై ఏడాదికి వంద."

"ఏడాదికి పది మోకాళ్ళా? నెలకి వెయ్యి అని స్లైడ్లో వేశానయ్యా నేను!" అని ఆయన గదిలో ఉన్న మిగతావాళ్ళ వైపు చూసి నవ్వారు. వాళ్ళూ నవ్వారు. "బొగ్గు, తిత్తి, ఆచారిగారి మూస! ఇరవై ఒకటో శతాబ్దం మీ ఊరి బస్సెక్కలేదా? సరే గానీ, ఇంట్లో ఏమైనా ఉందా లేదా?"

"లేదు సార్" అన్నాడు కూర్మాచారి. పొద్దున్నే విభూతి పెట్టుకుని వచ్చి పదింటికి అబద్ధమాడాడు. అది ఎవరి కోసమో అతనికే తెలియలేదు.

*

అతని భార్య పైడమ్మ కింద కూర్చోలేక, కుర్చీలో కూర్చుని పీట మీద నిలబెట్టిన దేవుడికి హారతి ఇస్తోంది. చేతిలో మామగారి గంట. గణగణ అయ్యేదాకా ఆగి కూర్మాచారి జరిగిందంతా చెప్పాడు. ఆ గంట ఇచ్చేస్తే ఆమె మోకాలు బాగుపడుతుందని కూడా చెప్పాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం తడబడ్డాడు. ఏడేళ్ళుగా ఆమె మూడు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగడం చూస్తున్నవాడు.

పైడమ్మ మోకాలు చేత్తో రాసుకుంది. "అయితే నా మోకాల్లో గంట పెడతారన్నమాట. నడిత్తే మోగతాదేటి?"

"వేళాకోళం కాదు పైడా. నువ్వు ఊఁ అంటే రేపే ఇచ్చేత్తాను."

"ఇచ్చేత్తారా? ఎవులిదేటి అది ఇచ్చేడానికి?"

"మనదే గదా."

"మనదేటండీ! మీ అయ్య గున్నమ్మత్త ఓళ్ళకి ఎగేసిన తోడది. పెళ్ళైన కొత్తలో మీరే సెప్పినారు, నవ్వుకుంటా. నాకు అప్పుడే నవ్వు రానేదు. ఇన్నాళ్ళూ బాకీ గంట కొట్టి దేవుణ్ణి లేపుతున్నాను, ఆయన సిగ్గుపడి లేచినాడో ఏటో. ఇప్పుడు ఆ బాకీని ఒంట్లో పెట్టుకుని గుడి మెట్లెక్కమంటారా?"

"నొప్పి..."

"నొప్పి నాది. బాకీ మీది. ముందు మీది తీర్సండి, నాది తరవాత సూద్దాం." గొంతు తగ్గించి, "నాకు మాత్రం నడవాలని ఉండదేటి? ఉంటాది. కానీ ఆ డైరెక్టరు బాబుకి ఇస్తే నాతోనే ఆఖరు. నా తరవాత మోకాళ్ళు నొప్పెట్టే ఆడదాయి పుట్టదా?" అంది.

కూర్మాచారి తనని తాను అంత చిన్నగా ఎప్పుడూ చూసుకోలేదు. డైరెక్టర్ గారి గదిలో ఆరుగురు నవ్వినప్పుడు కూడా.

*

మర్నాడు బొడ్డవలసలో బస్సు దిగేసరికి ఎండెక్కింది. పైడమ్మ కర్ర పట్టుకుని తనూ వచ్చింది, వద్దంటే వినలేదు. గున్నమ్మ అరుగు మీద ఉంది. ఎనభై దాటిన మనిషి. చూపు మందగించింది గానీ నాలిక మందగించలేదు.

"ఎవులది?"

"నానత్తా, కూర్మాన్ని. సుందరాచారి కొడుకుని."

"ఓలమ్మ, మోకాళ్ళ ఆపీసరే! ఏటి బాబూ, నా పళ్ళు కూడా కావాలేటి? నాలుగున్నాయి, పట్టుకెల్లు."

ఆమె కొలిమి చల్లగా ఉంది. ఆమె ఆసుపత్రిలో ఉన్న వారంలో కొడుకు తోడు ముక్క వ్యాన్‌కి ఇచ్చేశాడు. బదులొచ్చిన ఇండక్షన్ పొయ్యి అరుగు మీదే ఉంది, దాని మీద కోడి పడుకుంది.

"నీ వల్లే గదరా! ఆళ్ళకి తోడు రుచి సూపించినోడివి నువ్వే గదా? మీ అయ్య ఒక్క ఇంటికే ఎగ్గొట్టినాడు. నువ్వు జిల్లా అంతటికీ ఎగ్గొట్టినావు."

"ఔనత్తా" అన్నాడు కూర్మాచారి. కాదనడానికి ఏముంది? సంచిలోంచి గంట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

గున్నమ్మ దాన్ని కళ్ళతో చూడలేదు. ఒక్కసారి ఊపింది. మొహంలో ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి. "మీ అయ్య ఉన్నన్నాళ్ళూ నా పొద్దున్న నిద్ర పాడు సేసిన గంట. మా ఆయన ఇది వినబడినప్పుడల్లా దుప్పటి ముసుగెట్టేవోడు" అంది.

"మా అయ్య మొదటి పోత ఇదే. నీకివ్వాల్సిందే ఇలగ పోసీసినాడు. నీ కొలిమిలో కరిగించి ఇత్తాను."

ఆమె చేత్తో లోపలికి చూపించింది. కొడుకు తల వంచుకుని బొగ్గు తెచ్చాడు. కూర్మాచారి సుత్తితో గంటని నాలుగు ముక్కలు చేశాడు. ఒక్కో దెబ్బకీ అది మోగింది, నాలుగో దెబ్బకి ఆగింది. పైడమ్మ మొహం తిప్పుకుంది. మూస ఎక్కింది, తిత్తి ఊదింది. ఇన్నేళ్ళూ పొడి జల్లించిన చేతులకి పట్టకారు ఎలా పట్టాలో గుర్తుంది.

లోహం ఎరుపెక్కుతుండగా జేబులో ఫోన్ మోగింది. హేమాద్రి గారు. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఏటా మోత?" అంది గున్నమ్మ.

"మా సారు."

"తోడు నేని మోతలాగుంది. ఆపు."

ఆపేశాడు. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. తోడు అయిపోయాక ఆ సారుకి జల్లించడానికైనా ఏం మిగులుతుందని?

గున్నమ్మ పైడమ్మ వైపు తిరిగింది. "ఒలే పిల్లా, ఆ కర్ర సప్పుడు నీదేనా? ఇటు పీట మీద కూకో. నీ మొగుడు ఆదివారం ఆదివారం ఇక్కడికొచ్చి పోత పోస్తే ఏడాదికి ఈ ముక్క పెరుగుద్ది. అప్పుడు నీ మోకాలికో ముక్క అప్పిత్తాను. ఆ లేజరోళ్ళు ఆగగలిగితే ఆళ్ళ సేతే సేయించుకో. అప్పే సుమా! నీ మావలాగ గంట పోసుకోకు."

"అప్పయితే ఎందుకు, నానిక్కడే కూకుని తిత్తి ఊదుతాను. మోకాళ్ళు పోయినాయి గానీ సేతులున్నాయి" అంది పైడమ్మ.

"నోరు కూడా ఉంది" అంది గున్నమ్మ మెచ్చుకోలుగా.

జాము గడిచింది. కూర్మాచారి తొందరపడలేదు. మూసలో కంచు చెరువులో సాయంత్రపు ఎండలా నిలిచాక, ఇసకలో చేసిన గుంటలోకి వంచాడు. చల్లారేదాకా ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. ఇసక తుడిచి, నిమ్మకాయంత ముక్కని ఆమె అరచేతిలో పెట్టాడు.

గున్నమ్మ బరువు చూసింది. నాలిక కొనతో తాకింది. దారానికి కట్టి వేలాడదీసి, పట్టకారుతో మెల్లగా తట్టింది. ఖంగుమన్న నాదానికి పొయ్యి మీద కోడి ఎగిరి దూకింది. నాదం పూర్తిగా సన్నగిల్లేదాకా ఆమె చెవి అక్కడే పెట్టుకుని ఉండి, ఆ తర్వాత ముక్కని కొంగున ముడేసుకుంది.

"ముట్టింది" అంది.